బెత్తెడు ఎత్తు బండిలో రామంతాపూర్ నుంచి నాగారం దాకా

ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. నేలకు అతుక్కుపోయినట్టుండే ఆ రెండు సీట్ల స్పోర్ట్స్ కారును మన ఉప్పల్, నాచారం రోడ్ల మీద రోజూ ఎలా నడుపుతున్నావు అని. అడిగేవాళ్లలో సగం మంది అలాంటిది కొనాలని నిజంగానే ఆశపడుతున్నవాళ్లు. మిగతా సగం నాకు పిచ్చి ఎంత ముదిరిందో కనుక్కోవాలనుకుంటున్నవాళ్లు. ఇద్దరికీ పనికొచ్చేలా ఒక్క రోజు ప్రయాణం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అది మామూలు రోజు కాదు. ఆ సాయంత్రానికి బండి నా ఇంట్లో ఉంటుందో, అమ్మకానికి పోతుందో తేలిపోవాల్సిన రోజు.

ముందు ఈ బండి ఎలా వచ్చిందో చెప్పాలి. ఇరవై రెండేళ్ల కింద నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక లేత్ షాపులో పనికి చేరినప్పుడు, నా మిషను ఎదురుగా గోడ మీద ఒక పాత క్యాలెండర్ ఉండేది. అందులో ఎర్ర రంగు చిన్న కారు, కొండ మలుపు తిరుగుతూ. ఆ సంవత్సరం అయిపోయినా ఆ కాగితాన్ని ఎవరూ చించలేదు, నేను చించనివ్వలేదు. ఇప్పుడు అదే వాడలో అట్టడబ్బాలు తయారుచేసే ఒక కంపెనీలో క్వాలిటీ సూపర్‌వైజర్‌ని. పోయిన చలికాలంలో జూబ్లీహిల్స్‌లో ఒక పెద్దాయన నడుము నొప్పి భరించలేక అలాంటి కారే అమ్ముతున్నాడని తెలిసింది. పదకొండేళ్ల పాతది, అదే ఎరుపు. ఎంతకు కొన్నావని మాత్రం అడగకండి, ఈ బ్లాగు మా ఆవిడ కూడా చదువుతుంది.

మా ఆవిడ పేరు సలోమి. నాచారంలోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. బండి ఇంటికొచ్చిన రోజున ఒకసారి ఎక్కింది. ఎక్కడమంటే బావిలోకి దిగినట్టు దిగాలి. దిగేటప్పుడు చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడి, చెయ్యిచ్చి లాగాల్సి వచ్చింది. ఎదురింటి అరుగు మీదున్న ఆడవాళ్లు నవ్వారు. లోపలికి వచ్చి మంచినీళ్లు తాగి, తాపీగా షరతు పెట్టింది. "మూడు నెలలు రోజూ దీని మీదనే డ్యూటీకి పోవాలె. పోయే కాడికి దీంట్లనే పోవాలె, ఇంటికి దీంట్లనే రావాలె. ఒక్కనాడు ఆటో ఎక్కినా, మెట్రో ఎక్కినా, బండి ఖరాబైందని లీవు పెట్టినా అమ్ముడే. మళ్ల మాట మార్చొద్దు." నేను మాట మార్చనన్నాను. ఇద్దరం పోయేది నాచారానికే అయినా ఆ రోజు నుంచి ఆమె షేర్ ఆటోలో, నేను ఎర్ర కారులో.

బండికీ నేలకూ మధ్య బెత్తెడు సందు ఉంటుంది, అంతే. మామూలు కార్లు గమనించని ప్రతి మిట్టా దీనికి కొండే. అన్నిటికన్నా పెద్ద కొండ మా గేటు ముందే ఉంది, దాన్ని పోయించింది నేనే. మా వైపు ఒక అలవాటు ఉంది. ఎవరింటి స్లాబు పోసినా చివర్లో నాలుగైదు తట్టల కాంక్రీటు మిగులుతుంది. దాన్ని పారెయ్యడానికి మనసొప్పదు, మేస్త్రీ "ఏం జేద్దాం సార్" అంటాడు, ఇంటాయన "ముంగట ఒక స్పీడ్ బ్రేకర్ ఎయ్యి" అంటాడు. మా రామంతాపూర్ గల్లీలో ఎన్ని మేడలు లేచాయో స్పీడ్ బ్రేకర్లు లెక్కపెట్టి చెప్పొచ్చు. ఆరేళ్ల కింద పై అంతస్తు వేసినప్పుడు, మా అమ్మాయి గేటు బయట ఆడుకుంటుంటే బైకులవాళ్లు దూసుకుపోతున్నారని నేనూ వేయించాను. అందరికన్నా రెండంగుళాలు ఎత్తుగా వేయించాను, అదీ నా తెలివి.

చివరి రోజు పొద్దున ఏడుంబావుకు బయలుదేరాను. నా మిట్టను దాటాలంటే బండిని అడ్డంగా తిప్పి, ముందు ఎడమ చక్రం, తర్వాత కుడి చక్రం, తర్వాత వెనక ఎడమది, ఇలా ఒక్కొక్కటే ఎక్కించాలి. నాలుగు చక్రాలకు ఒక నిమిషం. సలోమి రోజూలాగే గేటు దగ్గర నిలబడి చూస్తోంది. మూడు నెలలుగా ప్రతి పొద్దునా అలాగే నిలబడుతోంది, ఒక్క మాట అనదు, నేను మలుపు తిరిగేదాకా లోపలికి పోదు. ఎక్కడ తగులుతుందా, ఎప్పుడు వీడు ఓడిపోతాడా అని కాచుకుని ఉందనుకునేవాణ్ని. ఆ రోజైతే నాకు కాస్త గర్వం కూడా వచ్చింది. అద్దం దించి "సాయంత్రం నాలుగుంబావుకు స్కూలు కాడికి వస్తా, రెడీగుండు" అన్నాను. నాగారంలో వాళ్ల తమ్ముడు విజయ్ కొత్త ఇంటికి ప్రతిష్ఠ ప్రార్థన ఉంది, అయిదున్నరకు మొదలు. కారులో రెండే సీట్లు కాబట్టి మా అమ్మాయిని ముందురోజే అక్కడికి పంపించాం.

దారి సంగతి. రామంతాపూర్ నుంచి నాచారానికి గల్లీల గుండా పోతే దగ్గర, కానీ ఆ గల్లీల్లో మిగిలిపోయిన కాంక్రీటు సంగతి చెప్పాను కదా. నేను ఉప్పల్ చౌరస్తా దాకా పెద్ద రోడ్డు మీద పోయి, మెట్రో కింద నుంచి హబ్సిగూడ వైపు తిరిగి, అక్కడ కుడివైపు నాచారం రోడ్డు పట్టుకుంటాను. చుట్టే, మొత్తం పది కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఏడున్నర లోపు ఉప్పల్ దాటితే ముప్పై అయిదు నిమిషాలు, దాటకపోతే దేవుడి దయ. స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు సాయంత్రం ఆ చౌరస్తా జోలికే పోకండి. పెట్రోలు లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తే బండి ఆ రోజు మంచి మూడ్‌లో ఉన్నట్టు. ఇంకో విషయం, ఈ సీట్లో కూర్చుంటే లోకం వేరేగా కనిపిస్తుంది. పక్కన బస్సు ఆగితే నా కళ్లకు ఎదురుగా దాని చక్రం బోల్టులు ఉంటాయి. లారీ వెనకాల ఉంటే దాని ఇరుసు కింద నుంచి అవతలి రోడ్డు కనిపిస్తుంది. మొదటి వారం భయమేసింది. తర్వాత అలవాటైపోయింది, లారీ డ్రైవర్ నన్ను చూశాడో లేదో అద్దంలో వెతుక్కోవడం నేర్చుకున్నాను.

నాచారం రోడ్డు మీదకు వచ్చేసరికి ఏడూ నలభై అయింది. ఆ రోజు అమావాస్య. తెరిచిన ప్రతి దుకాణం ముందూ ఎవరో ఒకరు బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, దిష్టి తీసి రోడ్డు మీద కొడుతున్నారు. మనకు ఇది మామూలే, ఆటోలూ బస్సులూ ఆ ముక్కల మీదుగా పోతూనే ఉంటాయి. నా ముందున్న షేర్ ఆటో కూడా అలాగే ఒక సగం కాయ మీదుగా, చక్రాల మధ్య నుంచి దాటిపోయింది. ఆటో పక్కకు పోయాక గానీ ఆ కాయ నాకు కనపడలేదు. కుడివైపు బస్సు, ఎడమవైపు పాల వ్యాను. ఢబ్ మని చప్పుడు, ఆ వెంటనే బరబరా ఈడ్చుకుపోతున్న శబ్దం. పక్కకు తీసి చూస్తే ముందు బంపర్ కింది పట్టీ ఒక వైపు ఊడి రోడ్డుకు ఆనుతోంది, దాని నిండా కుంకుమ, గుమ్మడి గింజలు.

ముందు పోయిన ఆటో ఆగింది. అందులోంచి యాదగిరి దిగాడు. సలోమి రోజూ ఎక్కేది ఈయన ఆటోనే, ఆమె ఎక్కే ట్రిప్పుకు ముందు ట్రిప్పు ఇది. వంగి చూసి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో అన్న, ఇయ్యాల్టితోని మూడు నెలలు అయితుండె కద!"

"నీకెట్ల తెలుసు?"

"మేడం చెప్పింది. ఆటోల అందరికి ఎర్కనే. రోజు ఎన్నో దినమో ఎంచుతం." వెనక సీట్లో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు అవునన్నట్టు తలూపారు. "బండి గిక్కడనే పెట్టు, ఎక్కు. కంపెనీ కాడ దింపుత. ఎనిమిదికి డ్యూటీ కద నీది?"

ఎనిమిదికి ఇంకా పద్దెనిమిది నిమిషాలు. ఎక్కితే టైముకు చేరతాను, బండి పోతుంది. ఎక్కకపోతే బండి ఉంటుందో లేదో చూడాలి. మూడు నెలలు జాగ్రత్తగా నడిపి, చివరి రోజు ఒక గుమ్మడికాయకు ఓడిపోవడమా అని నాకు నిజంగా ఏడుపొచ్చింది. "నువ్వు పో యాదగిరి, నేను వస్త" అన్నాను. అతను ఒక క్షణం చూసి, "సరే అన్న, నేనైతే మేడంకు ఏం జెప్ప" అని పోయాడు. వెనక ఇద్దరూ ఆ మాట ఇవ్వలేదు.

కాయ కొట్టిన దుకాణం హార్డ్‌వేర్ షాపు. దాని యజమాని, అరవై దాటిన మనిషి, చేతికి ఇంకా కుంకుమ ఉండగానే పరుగున వచ్చాడు. నేను కోపంగా ఏదో అనబోయాను కానీ ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

"నా కాయనే తమ్మీ, నాదే తప్పు. పక్కకు జరుపమని మా కోడలు ప్రతి అమాసకు మొత్తుకుంటది. ఏమైతది తియ్ అనుకున్న. గింత కిందికి ఉంటదా బండి?"

"ఇంతే ఉంటది పెద్దనాన్న."

"మా తాతలు గీ జాగల జొన్నలు ఏసేది. నాగలి గూడ దీనికంటె ఎత్తుగుండె." లోపలికి పోయి బైండింగ్ వైరు చుట్ట, కటింగ్ ప్లయర్ తెచ్చాడు. స్లాబుల్లో ఇనుప చువ్వలు కట్టే వైరు అది. రోడ్డు మీద ఒక అట్ట పరుచుకుని వెల్లకిలా పడుకుని, నాలుగు చోట్ల కుట్టినట్టు కట్టేశాడు. లేచి దులుపుకుంటూ, "గీ కాయతోని మా దుకాణానికే గాదు, నీ బండికి గూడ దిష్టి పోయింది. ఇగ ఫికర్ జెయ్యకు" అన్నాడు. మేము దిష్టి నమ్మే ఇంటివాళ్లం కాదు. అయినా ఆ మాట వింటే హాయిగా అనిపించింది, అబద్ధం ఎందుకు. వైరుకు డబ్బులిస్తే తీసుకోలేదు. కంపెనీ గేటు దగ్గరికి ఎనిమిదీ రెండుకు చేరాను, వాచ్‌మన్ గడియారం చూసి కూడా చూడనట్టే ఊరుకున్నాడు.

సాయంత్రం నాలుగుంబావుకు స్కూలు ముందు ఆపాను. ఇలాంటి బండి ఎక్కాల్సిన ఆడవాళ్లకు ఒక మాట: ముందు కాలు పెట్టకండి. వెనక్కి తిరిగి మొదట సీటు మీద కూర్చోండి, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోండి, చీర ఎక్కడా అడ్డం పడదు. ఈ సంగతి మూడు నెలల కింద తెలిసి ఉంటే నా కష్టం సగం తగ్గేది. సలోమి కొత్త పట్టుచీర కట్టుకుని, చెప్పినట్టే కూర్చుంది. కూర్చుంటూనే, "గుమ్మడికాయ ఎట్లుంది?" అంది. ఆటోలో వెనక కూర్చున్న ఇద్దరిలో ఒకరు ఆమె స్కూలు ఆయమ్మ అని అప్పుడు తెలిసింది.

నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా ఈసీఐఎల్ చౌరస్తా, అక్కడి నుంచి నాగారం. పన్నెండు కిలోమీటర్లుంటుంది, ఆ వేళప్పుడు గంట పట్టింది. మల్లాపూర్ దాకా ఆమె తలుపు పిడి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఒక పెద్ద లారీ మా పక్కకు వచ్చినప్పుడు మాత్రం నా మోచెయ్యి పట్టుకుంది. ఈసీఐఎల్ దగ్గర సిగ్నల్ పడింది. పక్క స్కూటర్ మీదున్న పెద్దావిడ వంగి లోపలికి చూసి, "మంచిగున్నదమ్మా మీ బండి" అంది. సలోమి "మా ఆయనది" అని సవరించింది. కానీ ఆ తర్వాత నుంచి రోడ్డు చూడ్డం మొదలుపెట్టింది. "ముంగట గుంత ఉంది. ఎడమకు, ఎడమకు. ఆగు, బైకు వస్తుంది." నేను చూడకముందే ఆమె చూసేస్తోంది. ఒక చోట టీ తాగుదామని ఆపితే, ఆలస్యమైతది నడువు అంది.

నాగారంలో విజయ్ ఇంటి గల్లీ మొదట్లో తిరిగేసరికి అయిదూ ఇరవై. ఇంటి ముందు షామియానా, దాని కింద కుర్చీలు, మనుషులు కనిపిస్తున్నారు, అంతా కలిపి ఒక వంద అడుగుల దూరం. ఆ వంద అడుగులకూ నాకూ మధ్య, గల్లీకి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక సరికొత్త స్పీడ్ బ్రేకర్. ఇంకా తడి గోనెపట్టాలు కప్పే ఉన్నాయి. అడ్డంగా తిప్పి ఎక్కిద్దామంటే రెండు వైపులా ప్రహరీ గోడలు. నేను ఇంజను ఆపేశాను. "ఇక్కడే పెట్టి నడిచిపోదాం" అన్నాను.

"షరతు ఏంది?" అంది సలోమి.

"సలోమీ, వంద అడుగులే కద..."

"పోయే కాడికి దీంట్లనే పోవాలె అని చెప్పిన. లెక్క అంటే లెక్కనే."

నాకు కోపం, నీరసం రెండూ ఒకేసారి వచ్చాయి. గెలవడం కోసం ఇంత పట్టుదలా అనుకున్నాను. ఆమె తలుపు తీసి, రెండు కాళ్లూ కలిపి బయటకు తిప్పి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది. కొంగు నడుముకు దోపుకుంది. "విజయ్! ఆ సెంట్రింగ్ చెక్కలు పట్కరా, నాలుగు. పొడుగుయి" అని కేకేసింది. స్లాబుకు వాడిన చెక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. విజయ్ మరో ఇద్దరితో మోసుకొచ్చాడు. మిట్టకు ఇటు రెండు, అటు రెండు, చక్రాలకు సరిగ్గా వాలుగా వేయించింది. తర్వాత ఆ పట్టుచీరతోనే రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని, చెంప నేలకు ఆనేంతగా వంగి బండి కిందికి చూసింది.

"రా. మెల్లగ. ఇంక రా. రెండు వేళ్ల సందుంది, ఫికర్ లేదు. చెయ్యి కదిలియ్యకు, సీదా రా."

ఆమె గొంతు తప్ప నాకేమీ వినపడలేదు. పొద్దున కట్టిన బైండింగ్ వైరు ఒక్కసారి కాంక్రీటుకు గీసుకుని కీచుమంది. ముందు చక్రాలు దిగాయి, తర్వాత వెనకవి. షామియానా కింద చప్పట్లు మోగాయి. విజయ్ నా అద్దం దగ్గరికి వంగి, ముఖం వెలిగిపోతుండగా అన్నాడు: "ఎట్లుంది బావ? మీ ఇంటి ముంగట ఉన్నది సూసే పోపిచ్చిన. మొన్న వచ్చినప్పుడు టేపుతోని కొలతలు గూడ తీసుకున్న. అచ్చం గట్లనే వచ్చింది కద?" సలోమి రోడ్డు మీద కూర్చునే పగలబడి నవ్వింది. మూడు నెలల్లో ఆమె అలా నవ్వగా నేను చూడలేదు.

ప్రార్థనలో పాటలయ్యాక, బైబిలు వాక్యం చెప్పే ముందు, పాస్టరుగారు మామూలుగానే "కృతజ్ఞతలు చెప్పేవాళ్లు లేచి చెప్పండి" అన్నారు. మా కూడికల్లో ఇది ఎప్పుడూ ఉండేదే, జ్వరం తగ్గిందనీ పరీక్ష పాసైందనీ ఒక్కొక్కరు లేచి చెబుతారు. సలోమి లేచింది. తమ్ముడికి ఇల్లు ఇచ్చినందుకు దేవునికి వందనాలు చెప్పి, కూర్చోబోయి, మళ్లీ నిలబడింది.

"ఇంకొకటి గూడ చెప్పాలె. మా ఆయన చిన్న బండి కొన్నడు. లారీలోళ్లకు అది కనబడదు, నాకు మస్తు భయం. వద్దంటె బాధ పడతడని షరతు పెట్టిన, నాలుగు దినాలకు ఇసుగొచ్చి వదిలేస్తడు అనుకున్న. వదల్లె. మూడు నెలలు పొద్దున ఆయన గల్లీ మలుపు తిరిగేదాక గేటు కాడ నిలబడి ప్రార్థన జేసిన. ఒక్కనాడు గూడ ఏం గాకుండ ఇంటికి తెచ్చిండు దేవుడు. స్తోత్రం."

అందరూ "స్తోత్రం" అన్నారు. నేను ఒక క్షణం ఆలస్యంగా అన్నాను. ఓడిపోతానా అని చూస్తోందనుకున్నాను నేను, తొంభై పొద్దుల్లో ఒక్క పొద్దున కూడా అద్దం దించి ఎందుకు నిలబడ్డావని అడగలేదు. చీకటి పడ్డాక, అమ్మాయిని విజయ్ దగ్గరే ఉంచి, తిరిగి బయలుదేరాం. మళ్లీ చెక్కలు, మళ్లీ ఆమె గొంతు. సీట్లో కూర్చుంటూ అంది: "రేపటి సంది నేను గూడ దీంట్లనే వస్త. లారీలు నేను సూస్త, నువ్వు రోడ్డు సూడు." యాదగిరికి ఏం చెబుతావంటే, "ఆయనకు ఒక సీటు ఖాళీ అయితది, సంబురపడతడు" అంది.

ఇప్పుడు అయిదు వారాలుగా ఇద్దరం కలిసే పోతున్నాం. రోడ్లు మారలేదు, గుంతలు అలాగే ఉన్నాయి, అమావాస్య నాడు మాత్రం నాచారంలో ఆ హార్డ్‌వేర్ షాపాయన కాయను కొట్టగానే చీపురుతో పక్కకు నెట్టాడు, మేము ఆగి చెయ్యి ఊపాం. నడుము కాస్త నొప్పి పెడుతుంది, పెట్రోలు ఎక్కువే తాగుతుంది, వానాకాలం ఇంకా చూడాలి. అయినా క్యాలెండర్‌లో చూసిన బండి ఇది కాదని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ బొమ్మలో పక్క సీటు ఖాళీగా ఉండేది, అప్పట్లో నేను దాన్ని గమనించనే లేదు.

చివరగా పనికొచ్చే సలహా ఒక్కటే. మీరు ఇలాంటి బండి కొన్నా కొనకపోయినా, మీ ఇంటి స్లాబు పోసిన రోజున మిగిలిన కాంక్రీటును గేటు లోపలే పోయించుకోండి, రోడ్డు మీద వద్దు. మా ఇంటి ముందున్న మిట్టను చెక్కడానికి వచ్చే శనివారం మేస్త్రీ వస్తున్నాడు. మొత్తం తీసేయిస్తానంటే సలోమి ఒప్పుకోలేదు. "సగమే చెక్కిపియ్యి. బైకులోళ్లు మెల్లగ పోవాలె" అంది, గేటు మూస్తూ. "నువ్వు గూడ."